తెరచాప పడవల పందెము



నగరి మీదుగా రైలులో పోయినవారందఱు మా కొండను చూచియే యుందురు. దాని శిఖరము మనుష్యుని ముక్కువలె ముందునకు పొడుచుకొని వచ్చియుండును గనుక దొరలు దానికి 'నగరి ముక్కు' అని పేరిడిరి. ఎత్తు ఇంచుమించు 2,800 అడుగులు. చిన్నతనమున మేము ఆ ముక్కుమీద మబ్బు దిగినదా లేదా యని చూచి వాన సంగతి చెప్పుకొనెడివారము. అంతకుమించి ఆ కొండతో మాకు పనిలేదు. నేను బడిపంతులునై పిల్లలకు భూగోళము చెప్పవలసివచ్చిన పిమ్మట గాని నాకొక విషయము తెలియలేదు. సముద్రము మీద చెన్నపట్టణపు రేవునకు వచ్చు నావికులు పూర్వము మా కొండను గుఱుతుగా పెట్టుకొని యోడలు నడుపుకొనెడివారు. కుశస్థలి యేట పెక్కు నెలలు ఇసుకయే చూచుచు, గ్రుక్కెడు నీటికొఱకు బావులు త్రవ్వుకొను మా యూరి కొండ, నీటిమీద బ్రదుకువారికి దారి చూపినదట! ఈ మాట తెలిసిననాడు నేను తరగతి ముగిసిన పిదప గూడ కొంతసేపు కిటికీ దగ్గఱ నిలిచి ఆ ముక్కువంకనే చూచుచుంటిని.

ఈ సంగతి యేల యెత్తితి ననగా, మెట్టసీమవాడు పడవల ముచ్చట చెప్పుట యేమని మీలో కొందఱికి తోపవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. అయినను ఇప్పటికి కొన్ని యేండ్లుగా సంవత్సరమున కొక యాదివారము నేను పులికాటు ఒడ్డున గొడుగు క్రింద కూర్చుండి, తెరచాప పడవల పందెమునకు గంట కొట్టు పని చేయుచున్నాను. ఆ పని యెట్లు సంభవించినదో, అందులో నేను చేసిన తప్పేమో, అట్టి పందెము తక్కువ వ్యయముతో నెట్లు జరుపుకొనవచ్చునో నేడు మీకు విన్నవింపదలచినాను. మీ యూరి పడుచువాండ్రు ఎప్పుడైనను వచ్చి, 'చెఱువులో పడవలు వేసికొందుము, సెలవిండు' అని మిమ్ములనే యడుగుదురు. అప్పుడు మీరేమి యడుగవలెనో తెలిసియుండుట మంచిది.

తెరచాప పడవలన్నియు ఒకచోట గూడి పందెమాడుటను పాశ్చాత్యులు 'రెగట్టా' అందురు. ఆ మాట వెనిసు నగరమువారిది. మన దేశమున ఈ వినోదము దొరలతో వచ్చినది. చెన్నపట్టణములో 1911లో వారు పెట్టుకొనిన సంఘము నేటికిని నడచుచున్నది. కావున ఇది ధనవంతుల వేడుక యనియు, తెల్లని దుస్తులు, మెఱుగుపెట్టిన పడవలు, విందులు లేనిదే జరుగదనియు జనులలో నొక యభిప్రాయము పాతుకొనిపోయినది. ఇది సగమే నిజము.

రెండవ సగమును చెప్పెదను. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున క్లియర్‌వాటరు అను నూర క్లార్కు మిల్సు అను పడవలు కట్టువాడొకడుండెను. అచ్చటి పిల్లలకు చవుకలో ఒక చిన్న తెరచాప పడవ కావలెనని ఊరివారు కోరిరి. ఏబది డాలర్లు మించరాదు. రెండు ప్లైవుడ్డు పలకలలో, అనగా ఒక్కొక్కటి నాలుగడుగుల వెడల్పు ఎనిమిదడుగుల పొడవు గల పలకలలో, పని ముగియవలెను. పలక పొడవే ఎనిమిదడుగులు గనుక పడవ అంతకు మించుటకు వీలులేదు. అందుచేత ముక్కును వాడిగా సాగదీయక అతడు నిలువునా కోసివేసెను. చూచుటకు స్నానపు తొట్టివలె నున్నదని కొందఱు నవ్విరి. నేడు నూటికి పైగా దేశములలో పిల్లలు ఆ తొట్టిలోనే తెరచాప నేర్చుకొనుచున్నారు. దాని పేరు 'ఆప్టిమిస్టు'. మన హైదరాబాదులో, 1562 ప్రాంతమున ఇబ్రహీము కుతుబుషా కాలమున కట్టిన హుస్సేనుసాగరముమీద, ప్రభుత్వ పాఠశాలల పిల్లలు, కూలినాలి చేసికొనువారి పిల్లలు ఆ పడవలే యెక్కి, దేశస్థాయి పందెములలో పతకములు తెచ్చుకొనినారు. 1963లో ఇంగ్లండులో 'మిఱ్ఱరు' అను మఱియొక పడవ వెలువడినది. పలకలను రాగితీగతో కుట్టి, ఆ కుట్లమీద గాజునార పట్టీని జిగురుతో అంటించి, ఎవరి యింటిలో వారే కట్టుకొనదగినట్లు దానిని సిద్ధపఱచిరి. వెల 63 పౌండ్ల 11 షిల్లింగులు. భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువు అను సంస్కృత గ్రంథములో పడవల పొడవు, వెడల్పు, ఎత్తులనుబట్టి జాతులు చెప్పబడినవి. ఓడ పలకలను ఇనుముతో బిగింపరాదని గూడ అందున్నది. సముద్రములోని అయస్కాంత శిలలు లాగునని భయము. ఆ భయము మాట యెట్లున్నను, మేకు లేకుండ పలకలు కుట్టుట మన తూర్పుతీరపు జాలరులకు తాతల నాటి విద్య. మిఱ్ఱరు పడవను గుఱించి చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది.

ఇక మా కథ. నా పాతశిష్యులు కొందఱు తడ, సూళ్లూరుపేట ప్రాంతములందు ఉద్యోగములు చేయుచున్నారు. శ్రీసిటీ కర్మాగారములలో ఆఱు దినములు యంత్రములకడ నిలిచి పనిచేసి, ఏడవదినము ఏమి చేయుటకును తోచక తిరుగువారు. వారిలో నొకడు వడ్రంగము తెలిసినవాడు. అతడు పలకలు కొని ఎనిమిదడుగుల పడవ నొకదానిని కట్టెను. తెరచాప కొయ్యకు సరుగుడు వాసము. మా తీరమున సరుగుడు తోపులకు కొదవలేదు. నిటారుగా, బరువు తక్కువగా నున్న వాసమును తోటలోనే ఏరుకొనవచ్చును. అడ్డకొయ్యకు వెదురు. చాపకు మొదట మా నగరి మగ్గాల వస్త్రమే కావలెనని నేను పట్టుపట్టితిని. స్వగ్రామాభిమానము! నూలుగుడ్డ రెండు గంటలు తడియగానే సాగి, గోనెసంచివలె వ్రేలాడినది. అటుపిమ్మట ధాన్యపు కుప్పలమీద కప్పు టార్పాలిను కొని, దర్జీచేత అంచులు మడిచి కుట్టించితిమి. ఇదే సరిపోయినది. అతనిని చూచి మఱి ముగ్గురు కట్టిరి. ఒడ్డుననున్న పల్లెలోని జాలరులు తమ నావలను కూడ తెచ్చెదమనిరి. అట్లు పందెము పుట్టినది.

పులికాటు సరస్సు ఎఱుగనివారికొఱకు రెండు మాటలు. ఇది ఉప్పుకయ్య. మన కొండలలో పుట్టి పిచ్చాటూరు మీదుగా పోవు అరణియేఱు అందే కలియును. కాళంగియు నందే కలియును. ఆంధ్రభాగము 2022 మొదలు తిరుపతి జిల్లాలో చేరియున్నది. విశాలమెంతయో లోతు అంత తక్కువ. పెక్కుచోట్ల నడుములోతు నీరే. అడుగున బురద. చలికాలమున రాజహంసలవలె పొడుగుకాళ్ల ఎఱ్ఱకొంగలు వేలకొలది వచ్చి ఆ పల్లపు నీటిలో మేయును. అది పక్షుల యభయారణ్యము గూడను. అందుచేత పందెమునకు ముందు అటవీశాఖవారి యనుజ్ఞ, పోలీసువారి యనుజ్ఞ వ్రాతమూలముగా పొందవలెను. వారు చూపిన చోటనే పడవలు తిరుగవలెను. కొంగలు మేయు దిక్కునకు పోరాదు. యంత్రపు పడవలు పందెములో చేరరాదు. ఇంకొక యనుజ్ఞ యున్నది, అది ఏ కాగితము మీదను వ్రాయబడదు. జాలరులు ఏ నీటిలో ఏ దినమున ఎవరు వల వేయవలెనో తమలో తాము వంతులు పెట్టుకొని యుందురు. ఆ వంతువారిని అడుగక మనము గుఱుతులు పాతినచో, వారి యొక దినపు కూడు చెడగొట్టినవార మగుదుము. మేము ప్రతి యేడు ముందుగా పోయి వారినడిగి, వారు వద్దనిన చోటు విడిచిపెట్టుచున్నాము.

పందెపు దారి యేర్పఱచుటకు మాకు కాలణా ఖర్చు లేదు. మంచినీళ్లు అమ్ము ఇరువది లీటర్ల ఖాళీ డబ్బాలు మూడింటికి మూతలు బిగించి, ఒక్కొక్కదానికి జెండా కట్టి, త్రాటికి ఇసుకమూటను లంగరుగా వేసితిమి. అవి త్రికోణముగా నుండును. మొదటి గుఱుతు మాత్రము తప్పక గాలి కెదురుగా నుండవలెను. ఏలయన, గాలి వెంబడి పోవుట గడ్డిమోపునకు గూడ తెలియును. గాలి కెదురు పోవుటలోనే నేర్పున్నది.

తెరచాప పడవ గాలి కెదురుగా తిన్నగా పోజాలదు. దానిని కొంచెము ప్రక్కకు, ఇంచుమించు నలువదియైదు డిగ్రీలు, వాల్చి పోనిచ్చి, కొంతదూరము పోయిన పిదప రెండవ ప్రక్కకు త్రిప్పి, మఱల మొదటి ప్రక్కకు త్రిప్పి, ఇట్లు వంకరటింకరగా పైకి పోవలెను. తిరుమల కొండదారిలో బస్సు మలుపులు తిరుగుచు ఎక్కుటను చూచినవారికి ఇది వెంటనే తెలియును. నిట్టనిలువుగా ఎక్కలేని బండి మలుపులచే ఎక్కును, అట్లే పడవయు. ఎన్ని మలుపులు, ఎచ్చట, ఎప్పుడు అను దానిలోనే గెలుపోటములున్నవి. పడవ ప్రక్కకు జాఱిపోకుండ అడుగున నొక పలక నీటిలోనికి దింపుదురు. పులికాటువంటి లోతులేని నీటిలో ఆ పలక బురదను తాకును గనుక దానిని పైకెత్తుటకు వీలుండవలెను. మా వడ్రంగి మొదట దానిని బిగించివేసెను. అతని పడవ మాగాణి మడిలో దిగబడిన యెద్దువలె నిలిచిపోయినది.

ఎదురెదురుగా వచ్చు పడవలు ఢీకొనకుండుటకు లోకమంతట నొకటే నియమము. కుడిప్రక్కనుండి గాలి పడుచున్న పడవకు దారి హక్కు. ఎడమప్రక్కనుండి గాలి పడుచున్నది తప్పుకొనవలెను. ఇద్దఱికిని ఒకే ప్రక్క గాలియైనచో, గాలి వచ్చు దిక్కుననున్న పడవ తప్పుకొనవలెను. వెనుకనుండి దాటువాడు తప్పుకొనవలెను. ఈ మూడే చాలును. పిల్లలచేత ఎక్కముల వలె వల్లెవేయించితిని.

బయలుదేఱుట కొక యొడుపున్నది. పడవ నిలిచియుండి పరుగెత్తదు. కావున ఒడ్డున పాతిన గడకును నీటిలోని జెండాకును నడుమ నొక గీత యున్నదని భావించి, అయిదు నిమిషములకు ముందు నొక గంట, నాలుగు నిమిషములకు ముందు నొకటి, ఒక నిమిషమునకు ముందు నొకటి, చివరకు బయలుదేఱు గంట కొట్టుదురు. అప్పటిదాక పడవలు గీత వెనుకనే తిరుగుచుండును. కొయ్యకు వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్కయే మా గంట. ఆ గంట కొట్టు సుత్తి నా చేతి కిచ్చిరి. ముప్పది యేండ్లు బడిగంట వినినవాడనని గౌరవము.

ఇప్పుడు అసలు చిక్కు. ఎనిమిదడుగుల తొట్టి యొకటి, ఇరువది యడుగుల జాలరి నావ యొకటి; ఈ రెంటికి పందెమేమి? ధనవంతులు ఒకే తీరు పడవలు కొందురు, వారికి చిక్కులేదు. మనము ఉన్న పడవలతోనే ఆడవలెననినచో ప్రతి పడవకు నొక యంకె యీయవలెను. ఇంగ్లండులో 'పోర్ట్సుమతు' లెక్క యని యొకటి కలదు. నెమ్మది పడవకు పెద్ద యంకె, వేగముగల పడవకు చిన్న యంకె. పట్టిన నిమిషములను వేయితో గుణించి, ఆ యంకెచే భాగింపవలెను. మా తొట్టి కంకె 1,200 అనుకొనుడు, నావకు 1,000. తొట్టికి 54 నిమిషములు పట్టినది, లెక్కగట్టిన 45. నావకు 47 పట్టినది, లెక్కలోను 47. నావ ముందు వచ్చినను తొట్టియే గెలిచినది. అంకెలెట్లు నిర్ణయించుట యందురా? మొదటి పందెములో పట్టిన కాలములను వ్రాసిపెట్టుకొని, వానినిబట్టి రెండవ పందెమునకు సవరించుకొనుటయే. దినమునకు మూడు పందెములు; మొదట వచ్చినవానికి ఒక గుణము, రెండవవానికి రెండు, మూడవవానికి మూడు; మొత్తము తక్కువ వచ్చినవాడు విజేత. తక్కువ మార్కులు వచ్చినవాడు మొదటివాడగుట నా జన్మములో అదే మొదలు! పూర్వము నాకడ లెక్కలలో తక్కువ మార్కులు తెచ్చుకొనిన యొక శిష్యుడు, 'అయ్యవారూ, ఈ పద్ధతి మన బడిలో ఉండింటే ఎంత బాగుండు!' అనెను.

జాలరులు మొదట ఈ లెక్కను నమ్మలేదు. ముందు వచ్చినవాడు ఓడుట యేమని గొణిగిరి. ఒక ముదుసలి మాత్రము కొంతసేపు ఆలోచించి, 'చిన్న దూడకూ పెద్ద ఎద్దుకూ ఒకే కాడి కట్టరు గదా, సరే' అనెను. ఆయనను గుఱించియే ఇప్పుడు చెప్పవలసియున్నది.

మొదటి యేడు పందెమును మేము దసరా సెలవులలో పెట్టుకొంటిమి. ఇది నా నిర్ణయమే. బడిపంతులునకు సెలవులన్న దసరాయో సంక్రాంతియో! ఈశాన్యపు వానలు మొదలగు కాలమది యని, మధ్యాహ్నము మీద ఉఱుముల మబ్బులు లేచు కాలమది యని నే నెఱుగకపోలేదు. పిల్లలకు భూగోళములో అదే చెప్పియుంటిని. చెప్పుట వేఱు, ఎఱుగుట వేఱు. ఉదయము రెండు పందెములు చక్కగా జరిగినవి. మూడవది మూడు గంటలకని చీటీలు పంచియుంటిమి. మూడగుటకు అయిదు నిమిషములుండగా నేను సుత్తి యెత్తితిని. గాలి పూర్తిగా నిలిచిపోయినది. తెరచాపలు కదలక వ్రేలాడుచుండెను. ఆ ముదుసలి నా గొడుగు దగ్గఱకు వచ్చి పడమటికి చేయి చూపెను.

'అయ్యోరా, పొద్దున మీ ముక్కుకొండ కనపడింది. ఇప్పుడు చూడండి, లేదు. గాలి రాదు, మీద పడతాది. గంట కొట్టబాకండి.'

నేను చూచితిని. పడమటి దిక్కున కొండల వరుస యంతయు మసిబాఱినట్లుండెను. చిన్ననాడు ఆ ముక్కుమీద మబ్బును చూచి వాన చెప్పినవాడను నేనే. అయినను చేతిలో గడియారము, ఎదుట చీటీ. 'మూడు గంటలకని చెప్పినాము గదా పెద్దాయనా, మాట తప్పితే ఎట్లా?' అని గంట కొట్టితిని.

పడవలు మొదటి గుఱుతునకు సగము దూరము పోవునప్పటికి గాలి వచ్చినది. ఆయన యనినట్లు రాలేదు, పడినది. సరస్సు మీద కొంగలు వాలినట్లు తెల్లని నుఱుగులు లేచినవి. నావలవారు చాపలు దించుకొని గడలు పాతి నిలిచిరి. అది వారికి నిత్యకృత్యము. తొట్లలో రెండు బోర్లపడినవి. ఒక దానిలోని యువకుడు పడవను పట్టుకొనియే యుండెను. రెండవదానిలోనిది పదునాఱేండ్ల బాలుడు. నీరు నడుములోతే గదా యని వాడు పడవను విడిచి నడచుటకు ప్రయత్నించెను. కాళ్లు బురదలో మోకాలివఱకు దిగబడినవి. అల వచ్చినప్పుడు లేవలేక ముందునకు వంగి నీటిలో మునుగుచు లేచుచుండెను. నేను ఒడ్డున సుత్తి పట్టుకొని నిలిచియుంటిని. ఈత రానివాడను. నా నోటినుండి మాట రాలేదు. ఆ ముదుసలియు ఆయన కుమారుడును ఒక చిన్న నావను గడతో త్రోసికొనిపోయి, బాలుని చంకలక్రింద చేతులు వేసి పైకి లాగిరి. వాడు బ్రదికెను. వాని తల్లి ఒడ్డుననే యుండెను. ఆమె నన్నేమియు అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మఱునాడు నేను మరల ఆ పల్లెకు పోయి ముదుసలిని చూచితిని. నన్ను నులకమంచము మీద కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చి, 'నీళ్లు తక్కువని మోసపోతారయ్యోరా. లోతు నీళ్లలో ఈదొచ్చు. బురదలో ఈదలేరు, నడవలేరు' అనెను. నేను సుత్తిని ఆయన ముందు పెట్టితిని. నాటినుండి గంట కొట్టునది నేనే గాని, కొట్టవచ్చునని చెప్పునది ఆయన. ఆయన తల యూపనిదే సుత్తి లేవదు; చీటీలో ఏమి వ్రాసియున్నను సరే. పందెము నడుమ ఆయన చేయెత్తినచో ఆ పందెము రద్దు. గెలుచుచున్నవాడు ఎంత ఆక్రోశించినను మాట మాఱదు.

మఱి కొన్ని మార్పులు చేసికొంటిమి. దసరా మాని మాఘమాసమునకు మార్చితిమి. అప్పటికి వానలు వెనుకపట్టును, సరస్సు నిండియుండును, గాలి నిలుకడగా వచ్చును. తేలుడు చొక్కా తొడిగి బొత్తాములు బిగింపనివాడు, ఈతలో సాటిలేనివాడైనను, పడవ యెక్కరాదు. పడవ బోర్లపడినచో దానిని విడువరాదు; పలక మునుగదు, మనిషి మునుగును. ప్రతి యారు పడవలకు నొక రక్షణ నావ, అందులో ఇద్దఱు జాలరులు. వారికి ఆ దినపు కూలి ముందే చెల్లింపవలెను. మాకు వచ్చు సొమ్ములో పెద్దపాలు ఇచ్చటనే పోవును. పడవ కింతయని చందా వేసికొందుము. బహుమతులకు ఖర్చు లేదు: గెలిచినవానికి నగరి మగ్గముమీద నేసిన తువ్వాలొకటి, కొబ్బరికాయ యొకటి. పులిహోర పొట్లములు ఎవరివి వారే తెచ్చుకొందురు. మైకు లేదు, పందిరి లేదు, ఉపన్యాసములు లేవు. ఒక యేడు ఒక పెద్దమనిషి వెండికప్పు ఇచ్చెదనని వచ్చెను. దాని వెలకు చొక్కాలు కొనిపెట్టుడని ప్రార్థించితిమి. ఆయనకు కొంచెము కోపము వచ్చినది గాని కొనిపెట్టెను.

ఈ జాగ్రత్త అతిగా నున్నదని మీలో కొందఱికి తోపవచ్చును. ఈ పులికాటులోనే 2011 డిసెంబరు 25వ తేదీన విహారమునకు పోయిన పడవ తలక్రిందులై 22 మంది మరణించిరి. 2019 సెప్టెంబరు 15న గోదావరి వఱదలో కచ్చులూరు దగ్గఱ 77 మందితో పోవుచుండిన పడవ మునిగి పదులకొలది జనులు పోయిరి. అవి పందెములు కావు, తెరచాప పడవలును కావు. అయినను నీరు ఆ భేదమును చూడదు.

గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనమును గుఱించి నేను పిల్లలకు ప్రతియేట చెప్పెడివాడను. గాలివానకు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడల సొత్తును అంతకుముందు రాజులు బలాత్కారముగా లాగుకొనెడివారు. ఈయన, నియతమైన సుంకము తప్ప మఱేమియు గైకొననని వర్తకులకు అభయ మిచ్చెను. పరీక్షలో ఈ ప్రశ్నకు నేను అయిదు మార్కులు పెట్టెడివాడను. ఆ మాటకు బరువెంతయో ఆ బాలుని తల్లి ముఖము చూచిన పిమ్మట గాని నాకు తెలియలేదు.

మీ యూరి చెఱువు మాట. పులికాటువఱకు పోనక్కఱలేదు. వానకాలము వెనుకబడి చెఱువు నిండియున్న సంక్రాంతి మొదలు శివరాత్రిదాక రెండు మూడు చిన్న పడవలతో ఆడుకొనవచ్చును. తెప్పోత్సవములు చేయించిన పెద్దలకు నీటిమీద జనమును అదుపులో నుంచుట క్రొత్తగాదు. పడుచువాండ్రు వచ్చి అడిగినప్పుడు వద్దని త్రోసిపుచ్చకుడు. మీరు వద్దనినచో వారు మీకు తెలియకుండ పోవుదురు. మొరవ పాఱుచున్నదా యని యడుగుడు, పాఱుచుండినచో కుదరదు. తూమునకు ఎంత దూరమని యడుగుడు. చెఱువులో మన్ను తీసిన గోతులెక్కడనో వానికి తెలియునా యని యడుగుడు, ఎండకాలమున జె.సి.బి. యంత్రముతో త్రవ్విన గోతులు నీరు నిండిన పిదప కనబడవు, పదియడుగులలోతు హఠాత్తుగా వచ్చును. చొక్కాలెన్ని, మనుష్యులెందఱు అని యడుగుడు. రెండంకెలు ఒకటి కాకున్నచో తక్కువ యంకె యెంతో అందఱే నీటిమీదకు పోవలెను. చివరకు, ఆపుమని చెప్పువాడెవడని యడుగుడు. అందఱమును అని బదులు వచ్చినచో ఎవడును లేడన్నమాట.

నేను బడినుండి తెచ్చుకొనిన యలవాటు ఒకటి మాత్రము అక్కఱకు వచ్చినది. హాజరుపట్టీ. నీటిలోనికి దిగుటకు ముందు ప్రతివాని పేరు పిలిచి గుఱుతు పెట్టుదును. ఒడ్డున కెక్కిన పిమ్మట మఱల పిలుతును. పట్టీ ముగియనిదే ఎవరును ఇంటికి పోరాదు, విజేత పేరు చెప్పరాదు. మొన్నటి యేడు చివరి పందెములో సాయంకాలము గాలి చచ్చిపోయినది. అందఱును వచ్చిరి. ఒకడు రాలేదు. వాడే, ఆనాడు బురదలో చిక్కినవాడు; ఇప్పుడు కళాశాలలో చదువుచున్నాడు. ప్రొద్దు క్రుంకుచుండెను. రక్షణ నావ వాని ప్రక్కనే యున్నను త్రాడు పట్టుకొననని, తెడ్డు వేసికొనుచు మెల్లమెల్లగా వచ్చుచుండెను. పడమట నగరి ముక్కు నల్లగా, స్పష్టముగా కనబడుచుండెను. ముదుసలి దానిని చూచి, 'రానీండి అయ్యోరా, ఏమీ లేదు' అని బీడీ వెలిగించుకొనెను. ఆకలిగొన్నవారందఱు గొణుగుచు కూర్చుండిరి. ఏడు గంటలకు పడవ ఒడ్డు తాకినది. వాడు దిగి చొక్కా విప్పక మునుపే నేను వాని పేరు పిలిచితిని.

'హాజరు' అనెను.